రైజోబియం చేసేవి "చక్కెరలు" అనొచ్చా?

ప్రశ్న:
రైజోబియం (పప్పుజాతి మొక్కల వేరు బుడిపెల్లో ఉండే బాక్టీరియా) గురించి ఇంటర్ పిల్లల కోసం రాస్తున్న వ్యాసంలో ఈ వాక్యం ఉంది: "రైజోబియం బాక్టీరియా చక్కెరలను తయారుచేసి, వాటిలో మార్పులు చేసి, మొక్కతో సహజీవనం మొదలుపెడుతుంది." చదివిన మా చెల్లెలు "అయితే వేరుశనగ వేరు బుడిపెలు తియ్యగా ఉంటాయా?" అని అడిగింది. "శర్కరలు" అని మారిస్తే సరిపోతుందా?

జవాబు:
సరిపోదండి. శర్కరే ప్రాకృతం మీదుగా మనకు చక్కెర అయింది. శర్కర అంటే మాట బరువెక్కుతుంది గానీ తీపి పోదు. పైగా ఉప్పు, బెల్లం లాగా చక్కెర మనకు తూచే సరుకు, లెక్కపెట్టేది కాదు. బహువచనం తగిలించగానే అనువాదం వాసన వస్తుంది. మా గోదావరి వైపు పంచదార అంటాం. "పంచదారలు" అని రాసి చూడండి!

అసలు మీ వాక్యంలో రెండు పదార్థాలు కలిసిపోయాయి. ఒకటి నాడ్ ఫ్యాక్టర్, అంటే బాక్టీరియా మొక్కకు పంపే రసాయన సంకేతం. లూసర్న్ అనే పశుగ్రాసం మొక్క మట్టిలోకి ఫ్లేవనాయిడ్లు అనే రసాయనాలు వదులుతుంది. వాటిని పసిగట్టగానే సైనోరైజోబియం మెలిలోటి అనే రైజోబియం రకం బాక్టీరియాలో నాడ్ జన్యువులు పని మొదలుపెడతాయి. నాడ్‌సి ఎంజైము ఎన్-అసిటైల్ గ్లూకోసమైన్ అణువులను నాలుగైదింటిని వరసగా కలుపుతుంది. రొయ్య పెంకులోనూ, శిలీంధ్రాల కణకవచాల్లోనూ ఉండే కైటిన్ కూడా ఈ అణువుల గొలుసే. నాడ్‌బి ఒక చివర నుంచి అసిటైల్ ముక్కను తీసేస్తే, ఆ ఖాళీలో నాడ్‌ఎ ఒక కొవ్వు ఆమ్లాన్ని తగిలిస్తుంది. రెండో చివర నాడ్‌హెచ్ సల్ఫేట్ పెడుతుంది. ఆ సల్ఫేట్ లేకపోతే లూసర్న్ పట్టించుకోదు. ఫ్రాన్స్‌లోని టులూజ్ పరిశోధకులు ఈ నిర్మాణాన్ని 1990లో ప్రచురించారు. ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ఉత్త కైటిన్ ముక్కలు తగిలితే మొక్క శిలీంధ్రం దాడి చేసిందనుకుని రక్షణకు దిగుతుంది. అదే గొలుసుకు ఈ మార్పులు చేరితే మూలకేశం (వేరు మీది సన్నని వెంట్రుక) వంగి బాక్టీరియాను చుట్టుకుంటుంది.

రెండోది సక్సినోగ్లైకాన్, అంటే బాక్టీరియా బయటికి విడిచే జిగట పదార్థం. ఏడు గ్లూకోజ్‌లు, ఒక గాలక్టోజ్ కలిసిన ముక్కే మళ్ళీ మళ్ళీ వస్తూ పొడవాటి గొలుసవుతుంది. దాని మీద అసిటైల్, పైరువిల్, సక్సినైల్ గుంపులు ఉంటాయి. ఎక్సోహెచ్ జన్యువు చెడిపోయి సక్సినైల్ తగలకపోతే బాక్టీరియా మూలకేశం గుండా లోపలికి పోలేదు. బుడిపెలు వస్తాయి, కానీ లోపల ఖాళీ. నత్రజని స్థాపన, అంటే గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చేలా మార్చడం, జరగదు.

అందుకని మొదటిదాన్ని "సంకేత అణువు" అనండి, రెండోదాన్ని "బంక" అనండి. తుమ్మబంక కూడా రసాయనపరంగా చక్కెర గొలుసులే. దాన్ని తెలుగువాళ్ళెవరూ చక్కెర అనలేదు కదా.

ఇంకొకరు:
ముందు "సహజీవనం" సంగతి చూడండి. పేపర్లలో ఆ మాట పెళ్ళి కాకుండా కలిసి ఉండేవాళ్ళకు స్థిరపడిపోయింది. క్లాసులో వెనక బెంచీ వాళ్ళు నవ్వుతారు.

జవాబు:
నవ్వనివ్వండి. పాఠ్యపుస్తకాల్లో ఉన్న మాటను పేపర్ల కోసం ఎందుకు వదులుకోవాలి?

వ్యవసాయం తెలిసిన సభ్యుడు:
రైతుకు "రైజోబియం కల్చర్" అంటే చాలు. అది గింజకు అంటుకోవడానికి బెల్లం నీళ్ళు వాడతాం. ఆ బెల్లం పక్కన మీ చక్కెర కూడా చేరితే అంతా గందరగోళమే. ఇంకో మాట. ఉదాహరణకు వేరుశనగ పెట్టేట్టయితే మూలకేశం కథ కుదరదు. అందులో బ్రాడీరైజోబియం అనే బాక్టీరియా పక్కవేళ్ళు పుట్టేచోట పగుళ్ళలోంచి దూరుతుంది. "మొక్క చక్కెర ఇస్తుంది, బాక్టీరియా నత్రజని ఇస్తుంది" అనే పాత వాక్యం కూడా కొంచెం సరిచేయాలి. ఆకుల నుంచి దిగేది సుక్రోజే (మనం తినే చక్కెరే) గానీ, బుడిపెలో బాక్టీరియాకు ముఖ్యంగా అందేది దాన్నుంచి తయారైన మాలేట్. పుల్లటి ఆపిల్‌లో ఉండే ఆమ్లం అదే. తీపి అక్కడా లేదు.

ప్రశ్న అడిగినవారు:
అయితే ఇలా మారుస్తాను: "లూసర్న్ పంపిన ఫ్లేవనాయిడ్లను గుర్తుపట్టి రైజోబియం ఒక సంకేత అణువును విడుదల చేస్తుంది. వేరులోకి దారి దొరకాలంటే దాని ఒంటి బంక కూడా సరిగ్గా ఉండాలి." కానీ బంక అనగానే మా వాళ్ళకు బంకమట్టి గుర్తొస్తుంది. జిగురు అననా?

జవాబు:
జిగురు అంటే కాగితాలు అతికించేది అనుకుంటారు. ఇక్కడ అతకడం కన్నా గుర్తింపు ముఖ్యం. లోటస్ జపోనికస్ అనే మొక్కలో ఇలాంటి పదార్థాన్నే ఈపీఆర్3 అనే గ్రాహకం (బయటి అణువులను గుర్తుపట్టే ప్రోటీన్) పరీక్షించి, సరైనదైతేనే బాక్టీరియాను లోపలికి రానిస్తుందని 2015లో తేలింది. "జిగట పొర" అని రాయండి, బ్రాకెట్లో సక్సినోగ్లైకాన్ పెట్టండి.