విశ్వవిద్యాలయ నాటకంలో లైటింగ్ డిజైనర్ బాధ్యత ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది?

ప్రశ్న అడిగినవారు: రంగవిద్యార్థిని

అందరికీ నమస్కారం. నేను రంగస్థల కళల శాఖలో ఎం.ఏ. రెండో సంవత్సరం చదువుతున్నాను. మా శాఖ ఏటా ప్రదర్శించే పూర్తి నిడివి నాటకానికి ఈసారి లైటింగ్ డిజైనర్‌గా నన్ను నియమించారు. కథ ఒక పల్లెటూరి ఇంట్లో సాయంత్రం మొదలై తెల్లవారేసరికి ముగుస్తుంది. మధ్యలో కరెంటు పోతుంది, ఆ తరువాత చాలాసేపు కథంతా లాంతరు వెలుగులోనే నడవాలి. వేదిక వెడల్పు ముప్పై అడుగులు, లోతు ఇరవై అడుగులు. మా దగ్గర వెలుగు అంచులు మెత్తగా పడే వెయ్యి వాట్ల ఫ్రెనెల్ లైట్లు పన్నెండు, అంచులు పదునుగా పడే ప్రొఫైల్ స్పాట్లు ఆరు, రంగులు మార్చగలిగే ఎల్‌ఈడీ పార్ లైట్లు పది ఉన్నాయి.

నేను ఇంతవరకు చూసినవి ఎక్కువగా పరిషత్తు నాటకాలే. అక్కడ అద్దె లైట్ల వాళ్ళు సాయంత్రానికి వచ్చి సర్దుతారు, దర్శకుడో ఆయన మనిషో లైట్లు నడిపే బోర్డు పక్కన నిలబడి ఎక్కడ ఏ రంగు వేయాలో చెబుతూ ఉంటారు. మా ఆచార్యులు మాత్రం ప్రదర్శన రోజున నన్ను బోర్డు దగ్గర కూర్చోవద్దంటున్నారు. అలాంటప్పుడు డిజైనర్‌గా నేను చేయవలసిన పని ఏమిటి? దర్శకుడికీ, సెట్ చేసేవారికీ, ఎలక్ట్రీషియన్‌కూ, నాకూ మధ్య హద్దు ఎక్కడ ఉంటుంది? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

సమాధానం 1: తెర వెనక మనిషి

మీ ఆచార్యులు చెప్పిన మాట సరైనదే. పరిషత్తు పోటీల్లో ఒకే రోజు నాలుగైదు నాటికలు పడతాయి, అందరికీ అవే లైట్లు, సర్దుకోవడానికి కాస్త వ్యవధి మాత్రమే దొరుకుతుంది, అందుచేత అక్కడ కంటితో చూస్తూ చేత్తో నడిపించడం తప్ప మరో దారి లేదు. విశ్వవిద్యాలయ నాటకానికి ఉన్న సౌకర్యం వేరు. వారాల తరబడి రిహార్సల్స్ ఉంటాయి, నటీనటులు ప్రతిరోజూ ఒకే చోట దొరుకుతారు, వేదిక మీదే. ఈ వ్యవధిని ఉపయోగించుకుని వెలుగుకు సంబంధించిన ప్రతి నిర్ణయాన్నీ ముందే తీసుకోవడం, దాన్ని మరొకరు చదివి నడిపించగలిగేలా కాగితం మీద పెట్టడం డిజైనర్ పని. మీరు జ్వరంతో పడుకున్నా ప్రదర్శన మీరు అనుకున్నట్టే జరిగిందంటే మీ బాధ్యత నెరవేరినట్టు.

మొదట నాటకాన్ని కథ కోసం ఒకసారి చదవండి. రెండోసారి చదివేటప్పుడు వెలుగు ఎక్కడి నుంచి వస్తోందో మాత్రమే చూడండి. వాకిట్లో పొద్దు వాలుతోందా, వంటింట్లో బల్బు వెలుగుతోందా, కిటికీ ఏ వైపు ఉంది, తెల్లవారేటప్పుడు ఎండ ఏ గోడ మీద పడాలి అన్న ప్రశ్నలకు జవాబులు రాసుకుని దర్శకుడి దగ్గరికి వెళ్ళండి. ఆయన్ను ‘ఏ రంగు కావాలి’ అని అడగడం వల్ల లాభం లేదు. ఈ ఘట్టంలో ప్రేక్షకుడు ఎవరి ముఖం చూడాలి, ఎవరిని చూడకపోయినా ఫర్వాలేదు అని అడగండి. దృశ్యం అర్థాన్ని నిర్ణయించేది దర్శకుడు. ఆ అర్థం ఏ దిక్కు నుంచి, ఎంత తీవ్రతతో, ఎంత సేపట్లో రావాలో నిర్ణయించేది మీరు.

సెట్ చేసేవారితో మాట్లాడడం ఇంకా ముందే జరగాలి. వాళ్ళు ఇంటికి కప్పు వేస్తే మీ లైట్లలో సగం ఆ కప్పు మీదే పడతాయి. గోడకు తెల్లటి సున్నం రంగు వేస్తే నటుడి ముఖం కంటే గోడే ముందు కనిపిస్తుంది. చిన్న బొమ్మ నమూనా దశలోనే ఈ సంగతులు తేలిపోవాలి, ఎందుకంటే చెక్క కోసి మేకులు కొట్టిన తరువాత ఎవరూ మీ మాట వినరు. ఆహార్యం చూసేవారి దగ్గర బట్టల ముక్కలు అడిగి తీసుకుని మీరు వాడబోయే వెలుగులో పెట్టి చూడండి. కుంకుమ రంగు చీర ముదురు నీలం వెలుగులో నల్లగా కనిపిస్తుంది, పసుపు చీర మురికిగా తేలుతుంది, తెల్ల పంచె మాత్రం మెరిసిపోయి కట్టుకున్న మనిషిని మింగేస్తుంది. రాత్రి అనగానే నీలం కుమ్మరించే అలవాటు మన నాటకాల్లో ఎక్కువ కాబట్టి ఈ పరీక్ష తప్పనిసరి అంటాను.

ఇక లైట్ల అమరిక సంగతి. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన స్టాన్లీ మెక్‌కాండ్లెస్ 1932లో ప్రచురించిన పద్ధతిని ఇప్పటికీ కొత్తవారికి మొదటి పాఠంగా చెబుతారు. వేదికను చిన్న చిన్న నటనా స్థలాలుగా విడదీసి, ఒక్కో స్థలానికి ముందు వైపు నుంచి రెండు లైట్లు, ఒకటి కుడి పక్క నుంచి, ఇంకొకటి ఎడమ పక్క నుంచి, సుమారు నలభై ఐదు డిగ్రీల కోణంలో వేస్తారు. ఒకటి వెచ్చని రంగులో, రెండోది చల్లని రంగులో ఉంటుంది. మీ వేదిక లెక్క దీనికి చక్కగా సరిపోతుంది. పది అడుగుల చదరాలుగా చూస్తే ఆరు స్థలాలు, వాటికి పన్నెండు ఫ్రెనెల్‌లు. గుమ్మం, కిటికీ, మంచం వంటి ప్రత్యేక చోట్లకు ప్రొఫైల్ స్పాట్లు, వెనక తెరకూ పైనుంచి వచ్చే రంగుకూ ఎల్‌ఈడీలు వాడుకోవచ్చు. అయితే ఇది మొదటి మెట్టు మాత్రమే. మీ కథ ఒక రాత్రిలో జరిగేది కాబట్టి అన్ని వైపుల నుంచీ సమానంగా వెలుగు పడితే రాత్రి అన్న భావమే రాదు, కనుక ఏ స్థలంలో ఏ లైటు ఆర్పి ఉంచాలో కూడా మీరే నిర్ణయించాలి.

ఇవన్నీ స్కేలు ప్రకారం గీసిన పటంలోకి రావాలి. ప్రతి లైటుకూ ఒక సంఖ్య, అది ఏ రకం, ఏ కడ్డీ మీద, వెలుగు పెంచి తగ్గించే డిమ్మర్‌లో ఏ ఛానల్‌లో ఉంది, లైటు ముందు పెట్టే జెల్ అనే పలుచని పొర ఏ రంగుది వేశారు అన్నవి పట్టికలో ఉండాలి. ఆ తరువాత ఏ క్షణాన ఏ వెలుగు ఎలా మారాలో చెప్పే క్యూ పట్టిక. అందులో ‘తల్లి ఏడుస్తున్నప్పుడు మెల్లగా తగ్గాలి’ అని రాస్తే అది కోరిక అవుతుంది కాని క్యూ కాదు. ‘తల్లి చెంబు కింద పెట్టగానే మొదలై పన్నెండు సెకన్లలో ఇరవై శాతానికి’ అని రాస్తే ఎవరైనా నడిపించగలరు.

సమాధానం 2: మూడు ఫేజుల మనిషి

పై సమాధానంలో కళ గురించి చక్కగా చెప్పారు. నేను కరెంటు గురించి చెబుతాను, ఎందుకంటే విద్యార్థి నాటకాల్లో ‘అది ఎలక్ట్రీషియన్ చూసుకుంటాడు’ అని వదిలేసేది ఇదే. వైరు కలిపేది ఆయనే అయినా, ఎంత భారం కావాలో రాసి ఇవ్వవలసింది డిజైనరే.

మన 230 వోల్టుల సరఫరాలో వెయ్యి వాట్ల లైటు ఒకటి నాలుగు ఆంపియర్ల కంటే కొంచెం ఎక్కువ తీసుకుంటుంది. పదహారు ఆంపియర్ల ప్లగ్గుకు అలాంటివి మూడు తగిలించవచ్చు, నాలుగోది తగిలిస్తే పరిమితి దాటిపోతుంది. మీ ప్రొఫైల్‌లు కూడా వెయ్యి వాట్లవే అనుకుంటే మొత్తం పద్దెనిమిది కిలోవాట్లు, మూడు ఫేజులకు సమానంగా పంచితే ఒక్కో ఫేజుకు సుమారు ఇరవై ఆరు ఆంపియర్లు. ఈ లెక్కను రాతపూర్వకంగా ఇచ్చి, హాలు కరెంటు బోర్డు అంత మోస్తుందా అని విశ్వవిద్యాలయ ఇంజినీరింగ్ విభాగం నుంచి జవాబు తీసుకోండి. ఆడియో వాళ్ళను లైట్ల ఫేజు మీద కాకుండా వేరే ఫేజు మీద పెట్టమనండి, లేదంటే డిమ్మర్ల రొద స్పీకర్లలో వినిపించే అవకాశం ఎక్కువ.

ఎల్‌ఈడీ లైట్లను డిమ్మర్‌కు కలపనివ్వకండి. వాటికి నేరు సరఫరా ఇవ్వాలి, తగ్గించడం పెంచడం లైటింగ్ బోర్డు ఆదేశాలను లైట్లకు చేరవేసే డీఎంఎక్స్ తీగ ద్వారా జరగాలి. ఒక్కో లైటు ఏడు ఛానళ్ళది అయితే మొదటిదానికి చిరునామా 1, రెండోదానికి 8, మూడోదానికి 15, ఆ వరుసలో పదోదానికి 64 వస్తుంది. ఒక తీగ మీద మొత్తం 512 ఛానళ్ళు ఉంటాయి కాబట్టి మీకు చోటు బోలెడు మిగులుతుంది. తీగ చివర సంకేతం వెనక్కి తిరిగి రాకుండా ఆపే 120 ఓముల టెర్మినేటర్ పెట్టండి. అది లేకపోయినా పనిచేస్తుందని చాలామంది అంటారు, నిజమే, రిహార్సల్‌లో బాగానే పనిచేసి జనం నిండాక లైట్లు వాటంతట అవే మినుకుమినుకుమనడం నేను చూశాను.

పైన వేలాడే ప్రతి లైటుకూ కొక్కెంతో పాటు విడిగా ఇనుప తాడు ఉండాలి. నిచ్చెన మీద ఒకరు ఉంటే కింద ఒకరు పట్టుకుని ఉండాలి. కడ్డీ కింద ఆ సమయంలో నటులెవరూ తిరగకూడదు. బయటికి దారి చూపే దీపాలను చీకటి పాడవుతోందని నల్ల గుడ్డతో కప్పవద్దు, ఎవరు చెప్పినా సరే. ఈ నాలుగు విషయాల్లో డిజైనర్ ‘వద్దు’ అంటే దర్శకుడు కూడా ఆగాలి, మొదటి సమావేశంలోనే ఈ మాట అందరి ముందూ చెప్పించుకోండి.

సమాధానం 3: బోర్డు మీద చేయి

పెద్దలు క్షమించాలి, ఒక విషయంలో నేను విభేదిస్తున్నాను. మన శాఖల్లో విద్యార్థుల సంఖ్య తక్కువ. డిజైనర్ బోర్డు ముట్టకూడదన్న నియమం పుస్తకానికి బాగుంటుంది కాని, నటుడు ఆ రోజు రెండు క్షణాలు ఎక్కువ ఆగితే దాన్ని పసిగట్టి వెలుగును ఆపగలిగేది ఆ వెలుగును ఊహించిన మనిషే. సురభి వారి ప్రదర్శనల్లో మాయలు, మెరుపులు అంత కచ్చితంగా పడడానికి కారణం, తెర వెనక పనిచేసేవారికి నాటకం ఆసాంతం కంఠస్థం కావడమే. మొదటిసారి చేస్తున్నవారు కనీసం ఒక ప్రదర్శన అయినా తమ చేత్తో నడిపితేనే, తాము రాసిన పన్నెండు సెకన్లు ఎంత పొడవో తెలుస్తుంది.

సమాధానం 4: ప్రవాస ప్రేక్షకురాలు

నేను అమెరికాలో ఒక విశ్వవిద్యాలయ రంగస్థల శాఖలో స్టేజ్ మేనేజ్‌మెంట్ చదువుతున్నాను. ఇక్కడ డిజైనర్, ప్రధాన ఎలక్ట్రీషియన్, బోర్డు ఆపరేటర్, స్టేజ్ మేనేజర్ నలుగురూ వేర్వేరు మనుషులు. ప్రదర్శన నడిచేటప్పుడు క్యూ పిలిచే అధికారం స్టేజ్ మేనేజర్‌ది మాత్రమే. ముందుగా ‘సిద్ధం’ అని హెచ్చరించి, సరైన క్షణంలో ‘గో’ అంటారు, ఆ మాట పడ్డాకే ఆపరేటర్ మీట నొక్కుతాడు. నటుడు ఆగితే స్టేజ్ మేనేజర్ కూడా ఆగుతారు కాబట్టి, బోర్డు మీద చేయి గారు చెప్పిన ఇబ్బందికి ఇక్కడ జవాబు ఉంది. అయితే ఆ జవాబు పనిచేయాలంటే స్టేజ్ మేనేజర్ మొదటి వారం నుంచీ రిహార్సల్స్‌లో కూర్చుని ఉండాలి. అలాంటి మనిషి మీ బృందంలో లేకపోతే ఆయన చెప్పిందే సబబు.

డిజైనర్ ప్రేక్షకుల్లో కూర్చోవడానికి ఇంకొక కారణం ఉంది. బోర్డు గది సాధారణంగా హాలు చివర ఎత్తులో, ఒక్కోసారి అద్దం వెనక ఉంటుంది. అక్కడి నుంచి బాగా కనిపించిన ముఖం ముందు వరుసలో పక్క కుర్చీలో కూర్చున్నవారికి సగం చీకటిగా ఉండవచ్చు. సాంకేతిక రిహార్సల్ రోజుల్లో మీరు ప్రతి అంకానికీ కుర్చీ మారి చూసి, మార్పులు రాసుకుని, దర్శకుడితో కలిసి ఆ రాత్రే తేల్చుకోవాలి. తొలి ప్రదర్శన తరువాత ఏ స్థాయినీ మార్చకూడదన్నది ఇక్కడి ఆచారం. నటులు ఆ వెలుగుకు అలవాటుపడి ఎక్కడ నిలబడాలో ఒంటితోనే తెలుసుకుని ఉంటారు.

రంగవిద్యార్థిని

అందరికీ ధన్యవాదాలు. భారం లెక్క ఈ రోజే రాసి ఇస్తాను. స్టేజ్ మేనేజర్‌గా మొదటి సంవత్సరం విద్యార్థి ఒకరు ఉన్నారు, రేపటి నుంచి రిహార్సల్స్‌కు రమ్మంటాను. ఇక మిగిలింది లాంతరు ఘట్టం. దర్శకుడు నిజమైన లాంతరే వెలిగిద్దామంటున్నారు. నాకు నమ్మకం లేదు.

సమాధానం 5: తెర వెనక మనిషి

మీ అనుమానం న్యాయమైనదే. హాలులో మంటకు అనుమతి రావడం కష్టం, వచ్చినా ఆ వెలుగు ఆరో వరుస దాకా కూడా చేరదు. 1959లో కలకత్తా మినర్వా థియేటర్‌లో ఉత్పల్ దత్ ‘అంగార్’ నాటకానికి తాపస్ సేన్ బొగ్గు గనిలోకి నీళ్ళు ముంచుకొచ్చే దృశ్యాన్ని వెలుగుతోనే నమ్మించారు, నిజం నీళ్ళు తెచ్చి కాదు. లాంతరుకూ అదే తోవ. లోపల బ్యాటరీతో నడిచే చిన్న ఎల్‌ఈడీ బల్బు పెట్టి, దానికి లేత నారింజ జెల్ చుట్టి, గాజు చిమ్నీ లోపలి వైపు పలచగా మసి పూయండి. బల్బు గింజ కనిపించకుండా ఆ మసి అడ్డుపడుతుంది.

అయితే గదిలో పరుచుకునే వెలుగు లాంతరు నుంచి రాదు. లాంతరు ఉన్న వైపు వింగ్‌లో, అంటే వేదిక పక్కన ప్రేక్షకులకు కనిపించని చోట, నటుడి నడుము ఎత్తులో ఒక ఫ్రెనెల్ పెట్టి పదిహేను, ఇరవై శాతంలో ఉంచండి. ఫిలమెంటు లైటు తగ్గేకొద్దీ దానంతట అదే ఎర్రబడుతుంది, లాంతరుకు కావలసింది సరిగ్గా ఆ ఛాయే. ఈ పని ఎల్‌ఈడీతో చేయవద్దు. చవక రకం ఎల్‌ఈడీలు అడుగు స్థాయిలో మెట్లు మెట్లుగా తగ్గుతాయి, రంగు కూడా మారదు. లాంతరు చేతులు మారి గది దాటితే, ఈ పక్క ఫ్రెనెల్ తగ్గుతూ ఆ పక్కది పెరగాలి, కనుక పక్క లైట్ల కోసం ముందు వరుస నుంచి రెండు ఫ్రెనెల్‌లు త్యాగం చేయక తప్పదు. కరెంటు పోయిన వెంటనే రెండు మూడు సెకన్లు పూర్తి చీకటి ఉంచండి, ప్రేక్షకుల కళ్ళు చీకటికి కాస్త అలవాటుపడితే పదిహేను శాతం కూడా చాలినంత వెలుగుగా కనిపిస్తుంది. ఆ సెకన్లలో నటి లాంతరు దగ్గరికి చేరాలి కాబట్టి నేల మీద రెండు మూడు చోట్ల చీకట్లో మెరిసే టేపు ముక్కలు అంటించండి.

లాంతరు స్విచ్చి ఎవరి చేతిలో ఉంటుందన్నది వస్తుసామగ్రి చూసేవారితో ఇప్పుడే తేల్చుకోండి. నటి అగ్గిపుల్ల గీసినట్టు నటించి చిమ్నీ దించిన క్షణానికీ, మీ ఫ్రెనెల్ పెరగడానికీ మధ్య అర సెకను తేడా వచ్చినా జనం నవ్వుతారు. ఈ ఒక్క క్యూను నటి, స్టేజ్ మేనేజర్, ఆపరేటర్ ముగ్గురినీ కూర్చోబెట్టి, మిగతా నాటకంతో సంబంధం లేకుండా విడిగా సాధన చేయించండి. రోజుకొక కొత్త బ్యాటరీ కూడా మీ ఖర్చుల పట్టికలో రాయండి.