స్టీల్ స్కూబా ట్యాంకు లోపల పొడుగ్గా తుప్పు చార, యాసిడ్ పోసి కడగొచ్చా?

టాంపా డైవర్:

అందరికీ నమస్కారం. నేను ఫ్లోరిడాలో టాంపా దగ్గర ఉంటాను. మూడేళ్ల కిందట నీళ్లలో ఈదేటప్పుడు ఊపిరికి గాలి నింపుకునే స్టీల్ ట్యాంకులు రెండు పాతవి కొన్నాను, ఎల్‌పీ 95లు (తక్కువ ఒత్తిడి రకం, సుమారు 95 ఘనపుటడుగుల గాలి పడుతుంది), 2400 పీఎస్‌ఐవి (పీఎస్‌ఐ అంటే చదరపు అంగుళం మీద ఇన్ని పౌండ్ల ఒత్తిడని). మామూలుగా వాడే అల్యూమినియం ట్యాంకు, అల్యూమినియం 80 అయితే గాలి అయిపోయేకొద్దీ పైకి తేలుతుంది, స్టీల్ అయితే నడుముకి సీసం దిమ్మలు తక్కువ కట్టుకోవచ్చు, అందుకే వీటి మీద మనసు పడ్డాను. పోయినేడు నాన్నగారికి బాగోలేక కాకినాడ వెళ్లి పదకొండు నెలలు అక్కడే ఉండిపోవాల్సి వచ్చింది. అన్నాళ్లూ ట్యాంకులు రెండూ గరాజ్‌లో నేల మీద పడుకోబెట్టే ఉన్నాయి, ఒక్కోదాంట్లో 2000 పీఎస్‌ఐ దాకా గాలి ఉంది.

తిరిగొచ్చాక ఏడాది తనిఖీకి ఇస్తే షాపులో ఆయన గాలంతా వదిలేసి, వాల్వు విప్పి, సన్నటి లైటు లోపలికి దింపి నన్ను కూడా చూడమన్నాడు. ఒకదాంట్లో అడుగున పల్చగా నారింజ రంగు పొడి, అంతే. రెండోదాంట్లో మాత్రం మెడ దగ్గర మొదలై అడుగు దాకా ఒక పక్కనే రెండు వేళ్ల వెడల్పున ముదురు చార, బోర్లిస్తే గోధుమ రంగు పెచ్చులు కూడా రాలాయి. గుండె జారిపోయింది. తెలిసినవాళ్లు ఒకరు మ్యురియాటిక్ యాసిడ్ పోసి, గుప్పెడు నట్లు వేసి ఊపితే పోతుందంటున్నారు. చేయొచ్చా? అసలు ఈ ట్యాంకులు పనికొస్తాయా?

గుహల్లో ఈత:

యాసిడ్ పోయొద్దు, ముందు అది పక్కన పెట్టండి. మ్యురియాటిక్ అంటే హైడ్రోక్లోరిక్ యాసిడే. అది తుప్పుతో పాటు మంచి ఉక్కుని కూడా తినేస్తుంది, పైగా అప్పుడు పుట్టే హైడ్రోజన్ ఉక్కులోకి చొరబడి దాన్ని పెళుసుగా మారుస్తుంది. వేల పీఎస్‌ఐ ఎక్కించే ట్యాంకు పెళుసు కావడమంటే ఏమిటో మీరే ఆలోచించండి. ఇనప నట్లు కూడా వద్దు, గోడల్ని సొట్టలు పొడుస్తాయి.

ఇక ఆ చార. మీరు పడుకోబెట్టి ఉంచామన్నారు చూడండి, అదే చెబుతోంది. లోపల కొద్దిగా నీళ్లున్నాయి, అడ్డంగా పెట్టేసరికి పక్క గోడ వెంబడి పొడుగ్గా నిలిచాయి. ట్యాంకు నిలబెట్టి ఉంచితే ఆ నీళ్లు అడుక్కి చేరతాయి, అక్కడ ఉక్కు మందంగా ఉంటుంది. పక్క గోడ పల్చన. పైగా 2000 పీఎస్‌ఐ అంటే లోపల ఆక్సిజన్ బయటి గాలిలో కంటే 130 రెట్లకు పైగా చిక్కగా ఉన్నట్టు, తడి కూడా తోడైతే తుప్పు పరుగెడుతుంది. అందుకే ఎక్కువ రోజులు వాడనప్పుడు రెండు మూడు వందల పీఎస్‌ఐ ఉంచి నిలబెట్టమంటారు.

ఒక్కటి అడగాలి, ఆ పాత గాలి మీరు పీల్చలేదు కదా? తుప్పు పట్టడమంటే ఇనుము ఆక్సిజన్‌ని పట్టేసుకోవడమే. నెలల తరబడి తడితో మూసి ఉన్న స్టీల్ ట్యాంకులో గాలి చూడ్డానికి మామూలుగానే ఉంటుంది, వాసన కూడా రాకపోవచ్చు, కానీ ఆక్సిజన్ తగ్గిపోయి ఉండొచ్చు. నీళ్లలో మనిషికి తెలియకుండానే స్పృహ తప్పుతుంది. ఆక్సిజన్ కొలిచే అనలైజర్ పెట్టి, మామూలు గాలిలోలాగే 20.9 శాతం దగ్గర చూపిస్తేనే నోట్లో పెట్టుకోవాలి, లేదా మొత్తం వదిలేసి కొత్త గాలి నింపించుకోవాలి.

తుప్పు తీయడానికి టంబ్లింగ్ చేయించండి. ట్యాంకులో సగం దాకా సిరామిక్ ముక్కలు పోసి, నీళ్లూ తుప్పు పట్టనివ్వని ద్రావణం కొద్దిగా కలిపి, రోలర్ల మీద గంటల తరబడి తిప్పుతారు. మధ్యమధ్యలో ఆపి చూస్తూ ఉండాలి. నారింజ పొడి ఉన్నది మొదటి రెండు మూడు గంటల్లోనే తేలిపోతుంది. చార ఉన్నదాని సంగతి మాత్రం తుప్పు పోయాక కింద ఏముందో చూస్తే గానీ చెప్పలేం. విడివిడిగా చిన్న గుంటలుంటే ఒక లెక్క, గుంటలు ఒకదానికొకటి కలిసి గీతలా సాగితే లెక్క వేరు, గోడ ఆ గీత వెంబడే బలహీనపడుతుంది.

ఋషికొండ కంప్రెసర్:

తమ్ముడూ, నాన్నగారు ఇప్పుడు కులాసాయేనా?

నేను విశాఖలో చాలాకాలంగా గాలి నింపే పనిలో ఉన్నాను. మా దగ్గర ఎక్కువగా అల్యూమినియం ట్యాంకులే, అయినా నీళ్ల గొడవ రెంటికీ ఒకటే. తుప్పు తీయించడం ఎంత ముఖ్యమో, ఆ నీళ్లు ఎలా వెళ్లాయో కనుక్కోవడం అంతకంటే ముఖ్యం, లేకపోతే ఏడాదికి మళ్లీ ఇదే చార చూస్తావు. లెక్క చెబుతా విను. 30 డిగ్రీల వేడిలో, 80 శాతం తేమ ఉన్న రోజున (మా ఊళ్లో సగం రోజులు ఇంతే, మీ టాంపాలో కూడా వేసవి ఇలాగే ఉంటుందట) ఒక ఘనపు మీటరు గాలిలో 24 గ్రాముల నీళ్లుంటాయి. నూరు ఘనపుటడుగుల ట్యాంకు నిండాలంటే 2.8 ఘనపు మీటర్ల గాలి కావాలి. అంటే సుమారు 70 గ్రాముల నీళ్లు, బండి దగ్గర తాగే చిన్న టీ గ్లాసుడు. కంప్రెసర్ ఆ గ్లాసుడూ బయటే ఆపాలి. గాలిలోంచి తడిని వేరుచేసే సెపరేటర్లలో చేరిన నీళ్లని నడుస్తున్నప్పుడే పది పదిహేను నిమిషాలకోసారి వదలాలి, ఫిల్టర్ గంటలు లెక్కపెట్టి మార్చాలి. బద్ధకిస్తే ఆ తడి జనం ట్యాంకుల్లోకి పోతుంది.

ఇంకో దారి వాల్వు నోరు. పడవ మీద తడిసిన ట్యాంకు తెచ్చి, నోట్లో ఉప్పు నీటి చుక్క ఉండగానే గొట్టం బిగించేస్తే ఆ చుక్క నేరుగా లోపలికే. నేనైతే ముందు వాల్వు ఒక్క క్షణం తెరిచి బుస్సుమనిపించి, గొట్టం కొస కూడా ఊదించి, అప్పుడు బిగిస్తా. నీళ్ల అడుగున గాలి పూర్తిగా సున్నా అయ్యేదాకా పీల్చకూడదనేది కూడా ఇందుకే. నీ రెగ్యులేటర్ (ట్యాంకు గాలి ఒత్తిడి తగ్గించి నోటికి అందించేది) మొదటి దశ, అంటే వాల్వుకి బిగించే భాగం, మూతి దగ్గర చిన్న జల్లెడ లాంటి ఫిల్టర్ ఉంటుంది, అది చూశావా? ఇటుక రంగు ఉంటే తుప్పు వస్తున్నట్టు, పచ్చగా చిలుము ఉంటే నీళ్లు వస్తున్నట్టు.

లెస్టర్ నుంచి:

మా ఇంగ్లండ్‌లో అందరూ 12 లీటర్ల స్టీలే వాడతారు కాబట్టి నాకూ ఇది ఎదురైంది. ఇక్కడ రెండున్నరేళ్లకి లోపలి తనిఖీ, అయిదేళ్లకి హైడ్రో, అంటే నీళ్లు నింపి ఒత్తిడి ఎక్కించి చూసే పరీక్ష. నాది హైడ్రో నుంచి వచ్చిన నెలకే లోపలంతా నారింజ రంగు! పరీక్షకి నీళ్లు నింపుతారు కదా, తర్వాత సరిగ్గా ఆరబెట్టలేదు. అందుకని టంబ్లింగ్ అయ్యాక ఆరబెట్టేటప్పుడు దగ్గరుండి చూసుకోండి అండీ. బాగా వేడి నీళ్లతో కడిగితే ఉక్కు వేడెక్కి తడి తొందరగా ఆరుతుంది, వెంటనే బోర్లించి సన్నటి గొట్టంతో పొడి గాలి అడుగుదాకా పంపాలి. పది నిమిషాలు ఆలస్యమైనా మళ్లీ రంగు తిరుగుతుంది, నా కళ్లతో చూశాను.

టాంపా డైవర్:

నాన్నగారు బాగున్నారన్నా, ఇప్పుడు పొద్దున్నే నడక కూడా మొదలుపెట్టారు. పాత గాలి పీల్చలేదు, షాపులోనే వదిలేశారు. అది పీల్చి ఉంటే ఏమయ్యేదోనని రాత్రంతా నిద్ర పట్టలేదు.

టంబ్లింగ్ అయింది. మొదటిది మూడు గంటలకే లోపల బూడిద రంగులో శుభ్రంగా వచ్చింది, ఆరబెట్టేదాకా అక్కడే నిలబడ్డాను. రెండోదాంట్లో చార పోయింది కానీ దాని కింద నువ్వుగింజంత గుంటలు, ఒకదాన్నొకటి అంటుకుని గీతలా. తనిఖీ చేసినాయన పాస్ చేయనన్నాడు. హైడ్రోకి పంపితే 4000 పీఎస్‌ఐ దాకా ఎక్కించి చూస్తారు కదా అంటే, ఒత్తిడి తీసేశాక కూడా మిగిలే సాగుడు మొత్తం సాగుడులో పదో వంతు లోపే ఉండి పరీక్ష గట్టెక్కినా ఆ గీతని చూసి అక్కడా తీసేస్తారని చెప్పాడు. వాదించలేదు. భుజానికి అలవాటైన ట్యాంకు, బాధగా ఉంది.

నీళ్ల సంగతి కూడా దొరికింది. నేను ఎప్పుడూ నింపించే చోట ట్యాంకు చల్లగా ఉండాలని నీళ్ల తొట్టిలో నిలబెట్టి నింపుతారు. నిన్న వెళ్లి గమనిస్తే, కుర్రాడు తడి చేత్తో గొట్టం తీసి, కొసన చుక్కలు కారుతుండగానే నా వాల్వుకి తగిలించబోయాడు. ఆపి, ఊదించాకే బిగించమన్నాను. రెగ్యులేటర్ ఫిల్టర్ ఒక పక్క ఇటుక రంగుకి తిరిగింది, అదీ సర్వీసుకి ఇచ్చాను.

ఋషికొండ కంప్రెసర్:

మంచి పని చేశావు. మిగిలినదాన్ని ఏడాది దాకా ఆగకుండా ఆరు నెలలకే ఒకసారి విప్పించి చూడు.