ఫార్మాట్ చేసిన కార్డులోని అమ్మమ్మ ఫొటోలు తిరిగి వస్తాయా?

నిన్న రాత్రి ఫొటోలన్నీ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాననుకుని కెమెరాలో మెమరీ కార్డు ఫార్మాట్ చేసేశాను. తీరా చూస్తే సంక్రాంతి ఫొటోలు ఎక్కలేదు. అమ్మమ్మ వాకిట్లో ముగ్గు పెడుతున్నవి అందులోనే ఉన్నాయి. మార్చిలో అమ్మమ్మ పోయింది. అవే ఆఖరివి.

కార్డు 32 జీబీ. కొత్త ఫొటోలు పడితే పాతవి చెరిగిపోతాయని తెలుసు కాబట్టి, వెంటనే తీసి పక్కన పెట్టాను. ఆ తర్వాత ఒక్క ఫొటో కూడా తీయలేదు.

పోయిన ఫైళ్లను వెతికి తీసే ఫొటోరెక్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది కదా, దానితో రా ఫైళ్లు (కెమెరా ప్రాసెస్ చేయకుండా దాచే అసలు ఫొటో ఫైళ్లు) కూడా సరిగ్గా వచ్చాయా ఎవరికైనా? నేరుగా కార్డు మీదే నడపాలా, లేక ముందు కార్డు మొత్తాన్ని ఉన్నదున్నట్టు ఒకే ఫైలుగా, అంటే ఇమేజ్‌గా కాపీ చేసుకుని దాని మీద ప్రయత్నించడం మంచిదా? దొరికినవాటిని మళ్లీ అదే కార్డులో సేవ్ చేయను, అది ఖాయం.

ఇకమీదట హార్డ్ డిస్క్‌లో ఒక కాపీ, గూగుల్ ఫొటోస్‌లో ఒకటి ఉంచితే సరిపోతుందా? చాలా టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.