పట్టాయా నెట్ సెంటర్‌లో నేను రాసిపెట్టిన మెయిల్ గురించి సలహా కావాలి

పని మీద ఆరు నెలలుగా పట్టాయాలో ఉంటున్నాను. గది పక్క నెట్ సెంటర్‌లో ఒక అమ్మాయి పరిచయమైంది, ఈసాన్ (థాయిలాండ్ ఈశాన్య ప్రాంతం) వైపు పల్లెటూరు. ఇంగ్లీషు రాదని విదేశీ స్నేహితుడికి నాతో మెయిళ్లు రాయించుకునేది. మొదట్లో 'బాగున్నావా, తిన్నావా' వరకే. పోయిన వారం అమ్మకు ఆపరేషన్, 20,000 బాత్ పంపమని రాయమంది. రాశాను. తర్వాత చూస్తే అదే మెయిల్ పేర్లు మార్చి ముగ్గురికి వెళ్లింది! వాళ్లలో ఒకరు, జర్మనీ పెద్దాయన, అప్పుడే డబ్బు పంపేశాడు కూడా. భార్య పోయి ఒంటరిగా ఉన్నాడు, పెళ్లే అనుకుంటున్నాడు. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఆమె ఊళ్లో పిల్లాణ్ణి పోషిస్తున్న మాటా నిజమే, అందుకే ఇంత టెన్షన్.

ఆయనకు నేనే చెప్పెయ్యాలా? ముందు ఆమెతో మాట్లాడాలా? ఇక్కడి ఆన్‌లైన్ మోసాల హెల్ప్‌లైన్ 1441కి ఫోన్ చేస్తే, రాసింది నేనే కాబట్టి నా వీసాకు ఇబ్బంది వస్తుందా? థాయిలాండ్‌లో ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.