ఐ5-4570 ఉన్న పాత డెస్క్‌టాప్‌ను బాగుచేసుకోవచ్చా, కొత్త బోర్డు కొనాలా?

ప్రశ్న – గుంటూరు నాన్న
మా ఇంట్లో ఐ5-4570 ప్రాసెసర్, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్ ఉన్న డెల్ ఆప్టిప్లెక్స్ 9020 టవర్ ఉంది. బీటెక్ మొదటి సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి దాని మీదే పైథాన్ నేర్చుకుంటోంది. స్విచ్ వేసి టీ కాచుకుని వచ్చినా అది పూర్తిగా తెరుచుకోదు. బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు ఉంటే మౌస్ బాణం కూడా ఆగి ఆగి కదులుతుంది. బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మూడూ మార్చక తప్పదని దుకాణంలో చెప్పారు. నిజంగా అంత ఖర్చు అవసరమా?

జవాబు – పాతసామాను
అవసరం లేదనే నా అభిప్రాయం. యంత్రం మొరాయిస్తున్నప్పుడు టాస్క్ మేనేజర్ తెరిచి, డిస్క్ వాడకం 100 శాతం దగ్గర నిలిచిపోయి ప్రాసెసర్ మాత్రం ఖాళీగా ఉందేమో చూడండి. ర్యామ్ చాలనప్పుడు విండోస్ కొంత సమాచారాన్ని హార్డ్‌డిస్క్ మీదికి దించి మళ్లీ ఎత్తుకుంటూ ఉంటుంది. ఆ డిస్క్‌లో ఒక్కో చిన్న ముక్కను వెతకడానికి పది మిల్లీసెకన్ల దాకా పడితే, తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డీ అనే డిస్క్‌కు అందులో నూరో వంతు చాలు. హార్డ్‌డిస్క్ లాగే సాటా కేబుల్‌తో తగిలించే 2.5 అంగుళాల ఎస్ఎస్‌డీయే తీసుకోండి, ఎందుకంటే చిన్న పట్టీలా ఉండే ఎస్ఎస్‌డీలను నేరుగా గుచ్చే ఎం.2 స్లాట్ ఈ బోర్డు మీద లేదు. ర్యామ్‌ను 4 జీబీవి రెండు జతగా వేస్తే మేలు. 2025 చివరి నుంచి కొత్త తరం ర్యామ్ అయిన డీడీఆర్5 ధరలు మండిపోతున్నాయి కనుక కొత్త బోర్డుకు ఇది మంచి సమయమూ కాదు.

జవాబు – మింట్ వాడుకరి
ఒక చిక్కుంది. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరం ప్రాసెసర్ల నుంచే నడుస్తుంది, మీది నాలుగో తరం. నేనైతే విండోస్‌కు బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేస్తాను, పైథాన్ అందులోనే వస్తుంది. అయితే విండోస్‌లో మాత్రమే నడిచే సాఫ్ట్‌వేర్ ఏదైనా కావాలా అని కళాశాలలో ముందే అడగండి.

జవాబు – రబ్బరుముక్క
ర్యామ్‌ను సెకండ్ హ్యాండ్‌లో ధైర్యంగా కొనవచ్చు, ఎస్ఎస్‌డీని మాత్రం కొత్తదే కొనండి. నేను తెచ్చిన పాత ర్యామ్‌తో మొదటి రోజే విండోస్ ఆగిపోయి నీలి తెర వచ్చింది. బంగారు రంగు కాళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది తిరిగి పెడితే ఆ బాధ తప్పింది. పవర్ సప్లై జోలికి వెళ్లకండి, ఈ మోడల్‌కు డెల్ సొంత కనెక్టర్ ఉండడం వల్ల బజారులో దొరికే మామూలు పవర్ సప్లై (ఎస్ఎంపీఎస్) నేరుగా పట్టదు.

గుంటూరు నాన్న
చూశాను. డిస్క్ 100, ప్రాసెసర్ 14. రేపు 240 జీబీ ఎస్ఎస్‌డీ తెస్తున్నాను. మింట్ సంగతి అమ్మాయి కళాశాలలో అడిగి వచ్చాక తేలుస్తాం.