అప్‌డేట్: గేర్ ఇండికేటర్ పెట్టించలేదు

నా పాత రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బైక్‌లో ఏ గేర్‌లో ఉన్నానో తెలియట్లేదు, బయట ఇండికేటర్ పెట్టించాలా అని పోయిన నెల అడిగాను కదా, పెట్టించలేదండి. సౌండ్‌ని బట్టే గేర్ పట్టుకోమని మీరు చెప్పినట్టే మూడు వారాలు ఇంజన్ సౌండ్ మీదే దృష్టి పెట్టాను.

మొన్న సింహాచలం ఘాట్ ఎక్కుతుంటే నాలుగో గేర్‌లో బండి గుద్దుకుంటూ, ఫుట్‌రెస్ట్ పాదం కింద దడదడలాడింది. మీటర్ వైపు చూడకుండానే మూడుకి దించాను, వెంటనే సాఫీగా లాగింది! భలే ఆనందమేసింది.

సిగ్నల్ దగ్గర టెన్షన్ కూడా పోయింది: క్లచ్ పట్టి గేర్ లివర్ ఇక కిందికి దిగదు అనేంత వరకు ఒక్కో గేరూ తొక్కుతాను, అదే ఫస్ట్, అక్కడి నుంచి సగం లేపితే న్యూట్రల్, పచ్చ లైట్ వెలుగుతుంది. టాప్ గేర్‌లో ఉన్నానా అన్న అనుమానం మాత్రం ఇంకా వస్తోంది, ఇంకో గేర్ ఉందేమోనని లివర్‌ని ఊరికే ఒకసారి పైకి లేపి చూస్తున్నాను.