సైకిల్ మీద హైదరాబాద్ టు విజయవాడ, మొదటి రోజు సూర్యాపేట దాకా తొక్కగలనా?

కొత్త_సైక్లిస్ట్:
అన్నలూ అక్కలూ, కొంచెం ధైర్యం చెప్పండి. తలసేమియా (పుట్టుకతో వచ్చే రక్తం జబ్బు) ఉన్న పిల్లల మందుల ఖర్చు కోసం మా ఆఫీసు వాళ్ళం 22 మందిమి డిసెంబర్‌లో విజయవాడకి సైకిళ్ళ మీద వెళ్తున్నాం, మొదటి రోజు ఎల్బీనగర్ నుంచి పొద్దున 5కి బయలుదేరి సాయంత్రానికల్లా సూర్యాపేట చేరాలి, దగ్గర దగ్గర 130 కిలోమీటర్లు. నేను ఇప్పటిదాకా ఒక్కరోజులో తొక్కింది 60, అది కూడా ఓఆర్ఆర్ పక్కన సోలార్ కప్పు ఉన్న ట్రాక్ మీద. నన్ను చూసి చుట్టాలు, ఫ్రెండ్స్ 41 వేలు ఇచ్చారు, మధ్యలో ఆగిపోయి మా వెనకొచ్చే వ్యాన్ ఎక్కాల్సొస్తే వాళ్ళకి మొహం ఎలా చూపించాలో అని నిద్ర పట్టట్లేదు.

హైవే65:
తమ్ముడూ, 60 తొక్కావంటే 130 వస్తుంది, కాకపోతే ఈలోపు ఒక్కసారైనా 90 తొక్కి చూడు. ఆ రోడ్డు మీద నేను రెండుసార్లు వెళ్ళాను, పెద్ద ఎత్తులు లేవు కానీ పంతంగి టోల్ దాటాక ఎండ, ఎదురుగాలి రెండూ కలిసి పీకుతాయి. మొదటి 40 కిలోమీటర్లు చలికి హుషారుగా ఉంటుంది, అందరూ అక్కడే స్పీడ్ పెంచి నార్కట్‌పల్లికి వచ్చేసరికి చతికిలబడతారు. ఆకలి వేసేదాకా ఆగకు, ముప్పావు గంటకోసారి అరటిపండో పల్లీపట్టీయో నోట్లో పడాలి, ఓఆర్ఎస్ ప్యాకెట్ లీటర్ నీళ్ళలో కలుపుకో. ప్యాడ్ ఉన్న షార్ట్ లోపల ఇంకేం వేసుకోవద్దు, ఒరుసుకునే చోట కొబ్బరినూనె రాయి. ఇంకోటి, లారీ టైర్లు పేలినప్పుడు వచ్చే సన్నటి తీగలు రోడ్డు అంచున పడుంటాయి, పంక్చర్లు ఎక్కువ వాటివల్లే, మనిషికి రెండు ట్యూబులు పెట్టుకోండి. ముందున్నవాడు గుంత చూస్తే చెయ్యి చూపించి అరవాలి, వెనకవాడికి రోడ్డు కనపడదు. చీకట్లో బయలుదేరుతున్నారు కాబట్టి వెనక లైటు లేనివాణ్ణి కదలనివ్వొద్దు.

పాప_వాళ్ళ_నాన్న:
మా పాపకి ఏడేళ్ళు, తలసేమియా మేజర్, అంటే ఆ జబ్బులో తీవ్రమైన రకం. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, దాంతో ఒంట్లో పేరుకునే ఐరన్ తగ్గడానికి రోజూ మందు వేయాలి. మీలాంటి వాళ్ళు తొక్కుతున్నారంటే మా ఇంట్లో అందరికీ ఎంత సంతోషమో చెప్పలేను బాబూ. మీరు వ్యాన్ ఎక్కినా ఆ 41 వేలు పిల్లలకే కదా వెళ్ళేది, దాని గురించి అస్సలు బాధపడకండి. ఒక్కటే అడుగుతున్నా, డబ్బుతో పాటు రక్తం కూడా ఇవ్వండి, ఎండాకాలం కాలేజీలు మూసేస్తే మాకు దాత దొరకడం నరకం. మగవాళ్ళు 90 రోజులకోసారి, ఆడవాళ్ళు 120 రోజులకోసారి ఇవ్వొచ్చు. రైడ్ ముందు మాత్రం ఇవ్వకండి, నీరసం వస్తుంది, వచ్చాక ఇవ్వండి. మీ ఆఫీసులో పెళ్ళి కాబోయే వాళ్ళుంటే హెచ్‌బీఏ2 టెస్ట్ (క్యారియర్ అవునో కాదో చెప్పే రక్తపరీక్ష) చేయించుకోమనండి, భార్యాభర్తలిద్దరూ క్యారియర్లైతే, అంటే తమకి జబ్బు లేకపోయినా ఆ జన్యువు ఉన్నవాళ్ళైతే, ప్రతి కాన్పుకీ బిడ్డకి ఈ జబ్బు వచ్చే రిస్క్ నాలుగింట ఒక వంతు. మాకు ఆ మాట ముందు ఎవరూ చెప్పలేదు.

కొత్త_సైక్లిస్ట్:
సూర్యాపేట లాడ్జి నుంచి రాస్తున్నా, సాయంత్రం 5:20కి చేరాం. హైవే అన్న చెప్పినట్టే ఆ తీగలకి మా గ్రూప్‌లో ఆరు పంక్చర్లు, నాకే రెండు. కొర్లపహాడ్ టోల్ దాటాక రెండు పిక్కలూ పట్టేశాయి, దిగి రోడ్డు పక్కన కూలబడ్డా, వ్యాన్‌లో పది కిలోమీటర్లు కూర్చున్నా, ఉప్పు వేసిన మజ్జిగ తాగాక కాళ్ళు వదిలాయి, మూసీ బ్రిడ్జి ముందు దిగి మళ్ళీ ఎక్కా. స్పీడుగా వెళ్ళగలిగే ఇద్దరు ఊరు వచ్చేదాకా నాకు గాలి తగలకుండా ముందు తొక్కారు, వాళ్ళతో ఆఫీసులో ఎప్పుడూ సరిగ్గా మాట్లాడింది కూడా లేదు. పాప వాళ్ళ నాన్నగారూ, మీరు రాసింది టిఫిన్ దగ్గర అందరికీ చదివి వినిపించా. తొమ్మిది మంది పేర్లిచ్చారు, హైదరాబాద్ వచ్చాక రెండో ఆదివారం బ్లడ్ బ్యాంక్‌కి వెళ్తున్నాం. రేపు ఇంకా ఇంతే దూరం ఉంది, లైటు చార్జింగ్‌లో పెట్టి పడుకుంటున్నా.